సీటు ఎత్తు

సెప్టెంబరు 14, ఆదివారం

సైకిలు కొనాలి. ఆఫీసుకి వెళ్లడానికి.

బస్సు రోజూ నా కళ్లముందే కదిలిపోతోంది. విత్తనాల ల్యాబ్‌కి ఆలస్యంగా వెళ్తే మేడమ్ ఏమీ అనరు. గోడ గడియారం వైపు ఓసారి చూసి మళ్లీ భూతద్దంలోకి తల దించుకుంటారు. తిట్టినా బాగుండేది. అందుకే సైకిలు. ఇంకే కారణమూ లేదు.

ఈ రోజు అక్కకి ఈ సీజన్లో మొదటి బురద పందెం. రెండు శీతాకాలాలుగా నా చోటు పిట్‌లోనే, సైకిళ్లు మార్చుకునే చోట. అక్క ఒక చుట్టు తిరిగి మట్టిముద్దలా వస్తుంది, మురికి సైకిలు నా మీదికి వదిలేసి, నేను పట్టుకున్న శుభ్రమైన సైకిలు లాక్కుని పరుగెత్తుతూ ఎక్కేస్తుంది. మళ్లీ తను చుట్టు తిరిగి వచ్చేలోపు నేను మురికిదాన్ని కడిగి, గేర్లలో ఇరుక్కున్న గడ్డి లాగేసి, చైనుకి నూనె పెట్టి సిద్ధంగా నిలబడాలి. జనం అక్కని చూస్తారు. నేను అక్క చక్రాల్ని చూస్తాను. ముఖం కంటే అవే బాగా గుర్తు.

ఈ ఏడు రెండో సైకిలు లేదు. అరువిచ్చే స్నేహితురాలు పెళ్లి చేసుకుని వేరే ఊరెళ్లిపోయింది. దాంతో ఈ రోజు నాకు పని సగమే. బకెట్టు పక్కన ఊరికే నిలబడి, అక్క సైకిలు భుజాన వేసుకుని గట్టు ఎక్కడం చూశాను. పైన పొగమంచు. అందులోకి వెళ్లి కరిగిపోయింది. ఆ మంచు లోపల ఎలా ఉంటుందో నాకు తెలియదు.

ఇంటికొచ్చాక అమ్మ మా బట్టలు చూసి ఎప్పటిలాగే మొదలుపెట్టింది. "సైకిలు మనల్ని మోస్తుందని కొంటారు. మీరేంటే, దాన్ని మీరు మోస్తారు?"

"అన్నిచోట్లా మొయ్యమమ్మా, ఎక్కలేని చోటే" అంది అక్క.

"ఎక్కలేని చోటికి వెళ్లడం దేనికి?"

అక్క బూట్లు విప్పుకుంటూ లోపలికి వెళ్లింది. దీనికి సమాధానం నా దగ్గర ఉన్నట్టు అనిపించింది. చెప్పలేదు.

నవంబరు ఆఖరి పందెంలో మొదట వచ్చిన ముగ్గురిని పెద్ద జట్టులోకి తీసుకుంటారు. పోయినేడు అక్క నాలుగోది.

సెప్టెంబరు 17, బుధవారం

సైకిళ్ల కొట్టుకి వెళ్లాను. కొట్టాయనకి గాలిపంపు అని పేరు పెట్టింది అక్కే. నోరు తెరిస్తే ఎదుటివాళ్లు ఉబ్బిపోయేదాకా ఆపడు.

రెండు చూపించాడు. ఒకటి ఎర్రది, కొత్తది. పుల్లలా తేలిక. బ్రేకులు నూనె ఒత్తిడితో పనిచేసేవి. లీవరు మీద వేలు ఆనిస్తే చాలు, చక్రం ఆగిపోతుంది. పందేనికి తప్ప దేనికీ పనికిరానిది. మడ్‌గార్డు బిగించడానికి ఫ్రేముకి ఒక్క రంధ్రం కూడా లేదు.

రెండోది ఎవరో వాడి అమ్మేసింది. వానకి ముందు ఆకాశం రంగు. డిస్క్ బ్రేకులే కానీ తీగతో లాగేవి. మడ్‌గార్డులకి, వెనక క్యారియరుకి అన్నిటికీ రంధ్రాలున్నాయి. టైర్ల చోటు వెడల్పు, బురద ఎంత పట్టినా చక్రం తిరుగుతుంది.

"చెల్లెమ్మా, నువ్వు ముందు చెప్పు. ఆఫీసుకా, పందేనికా?" అన్నాడు.

"ఆఫీసుకే అన్నా."

"ఆఫీసుకైతే ఇంత గుబ్బల టైర్ల సైకిలు నీకెందుకు? బుట్ట ఉన్నది ఇస్తా, గంట కూడా ఉచితం."

"దారి బాగుండదు."

"మీ ఆఫీసుకి అడవిలోంచి వెళ్తారా?"

నవ్వాను. ఆయన నవ్వలేదు, ఆకాశం రంగుదాన్ని స్టాండు మీంచి దింపి, "దీన్ని పొద్దున పనికి తోలుకో, ఆదివారం మడ్‌గార్డులు పీకేసి బురదలో తోలుకో. ఎవరికీ చెప్పను" అన్నాడు.

అక్క కూడా తీగ బ్రేకులే వాడుతుంది. తెగితే ఇంట్లోనే మార్చుకోవచ్చు. నేను మార్చగలను.

సెప్టెంబరు 20, శనివారం

కొన్నాను. దాచుకున్నదంతా అయిపోయింది. దానికి బాధ కలగడం లేదు, రేపు కలుగుతుందేమో.

సెప్టెంబరు 21, ఆదివారం

పొద్దుటి నుంచి పెరట్లోనే ఉన్నాను. అక్క హాస్పిటల్లో డ్యూటీ, అక్కడ ఎముకలు విరిగినవాళ్లతో వ్యాయామాలు చేయిస్తుంది. ఇల్లంతా ప్రశాంతంగా ఉంది.

సీటు ఎత్తు సరిచేశాను. సీటు ఎంత వెనక్కి జరగాలి, హ్యాండిలు ఎంత వంగాలి, లీవర్లు ఏ కోణంలో ఉండాలి, ఏదీ ఆలోచించాల్సిన పని లేకపోయింది. కొలిచే టేపు చేతిలో పట్టుకుంటే వేళ్లే వెళ్లి ఆగిపోయాయి. సీటు గొట్టం మీద, ఫ్రేములోకి దిగే చోట, నల్ల టేపు చుట్టాను. ఎప్పుడు జారినా తెలిసిపోతుంది.

కుడిచేతికి ముందు బ్రేకు, ఎడమచేతికి వెనక బ్రేకు ఉండేలా గాలిపంపు బిగించి ఇచ్చాడు. తీగలు విప్పి తారుమారు చేశాను. నాకలా అలవాటు.

రోటర్లని, బ్రేకు పట్టుకునే ఇనుప బిళ్లల్ని, స్పిరిటుతో తుడిచాను. వేలు తగిలితే ఆ జిడ్డుకే బ్రేకు కీచుమంటుంది. ప్యాడ్లకీ రోటరుకీ మధ్య వెలుతురు గీత కనిపించాలి, తల వెంట్రుకంత. చక్రం తిప్పి చెవి ఆనించి కూర్చున్నాను. ముందు ఎక్కడో ఒరుసుకుంటున్న చప్పుడు. బోల్టు అటూ ఇటూ జరిపాను. చప్పుడు సన్నబడింది, ఇంకా సన్నబడింది, ఇక గాలి ఒక్కటే మిగిలింది.

అమ్మ బట్టలారేస్తూ, "ఎవరితోనే ఆ గుసగుసలు?" అంది.

సెప్టెంబరు 25, గురువారం

కొత్త ప్యాడ్లు మొదట్లో పట్టవు. వాటిని అలవాటు చెయ్యాలి. వేగంగా వెళ్లి, మెల్లగా బ్రేకు నొక్కి, పూర్తిగా ఆగకముందే వదిలెయ్యాలి. మళ్లీ వేగం. మళ్లీ నొక్కడం. ఆగకూడదు, అదే కిటుకు. ఆగితే ప్యాడు అచ్చు రోటరు మీద పడిపోతుంది.

కాలవ పక్క దారిలో పొద్దున్నే ఎవరూ ఉండరు. నీళ్ల మీద మంచు పడుకుని ఉంది. వేగం, నొక్కడం, వదలడం. కాసేపటికి నేను చేస్తున్నానా, అదే జరుగుతోందా అన్నది తెలియలేదు. కాలిన ఇనుము వాసన వచ్చింది. చివరికి లీవరు నొక్కితే ఎవరో వెనక నుంచి నడుం పట్టుకుని ఆపినట్టు ఆగింది.

ల్యాబ్‌కి గంట ముందే చేరాను. మేడమ్ నన్ను చూసి, తర్వాత గడియారాన్ని చూసి, "గడియారం బాగానే ఉందా?" అన్నారు.

అక్టోబరు 3, శుక్రవారం

మడ్‌గార్డులు బిగించాను. బూట్లు తడవడం లేదు.

నేను చూసేది మొలకల పరీక్ష. తడి కాగితంలో గింజలు పేర్చి, చుట్టలు చుట్టి, వెచ్చటి బీరువాలో నిలబెడతాం. రోజులు గడిచాక విప్పి చూస్తాం. మొలిచినవి ఒక పక్క, వంకర మొలకలు ఒక పక్క. కొన్ని మొలవవు, కుళ్లవు కూడా, రాళ్లలా ఉండిపోతాయి. "చచ్చినవాటిలో రాయకు, అవి బతికే ఉన్నాయి" అన్నారు మేడమ్, ఉద్యోగంలో చేరిన మొదటి రోజే.

మోకాళ్లు నొప్పిగా ఉన్నాయి. ల్యాబ్ స్టూలు పొట్టిది, అందువల్ల.

అక్టోబరు 9, గురువారం

మోకాళ్లు. వాన వల్ల కావచ్చు.

గేటు దగ్గర అమ్మ చూసి, "ఏమే, నీ మోకాళ్లు చెవులకి తగులుతున్నాయి. ఆ సైకిలు చిన్నపిల్లలదా?" అని అడిగింది.

నీకు తెలియదులే అన్నాను.

అక్టోబరు 12, ఆదివారం

అక్క పందెం. నేను పిట్‌లో. అక్క ఏడోది. సగం పందెంలో గేర్లలో గడ్డి చుట్టుకుని చైను దూకుతూ ఉంది. మార్చడానికి సైకిలు లేదు, ఆగి నేను గడ్డి పీకేలోపు ముగ్గురు దాటిపోయారు. అక్క నన్నేమీ అనలేదు. బూతులన్నీ గడ్డిని తిట్టింది.

నా సైకిలు కంచెకి ఆనించి ఉంది, మడ్‌గార్డులతో, వెనక క్యారియరుతో. అటు చూసిందో లేదో తెలియదు.

అక్టోబరు 19, ఆదివారం

ఇది సరిగ్గా రాయాలి.

మధ్యాహ్నం మెట్లు దిగుతూ మూలిగాను. అక్క విని, సోఫాలో కూర్చోబెట్టి, మోకాలి చిప్ప చుట్టూ బొటనవేలితో నొక్కింది. తన పేషెంట్లని నొక్కినట్టే, జాలి లేకుండా.

"ముందు పక్కే నొప్పా?"

"అబ్బా. అవును."

"సీటు కిందికి ఉంటే ఇలాగే వస్తుంది. ఎంత పెట్టావ్?"

చెప్పాను. అక్క వేలు ఆగిపోయింది.

"అది నా ఎత్తు కదే."

లేచి పెరట్లోకి వెళ్లింది. నేను కుంటుకుంటూ వెనకే. సీటు మీద చెయ్యి వేసింది. హ్యాండిలు చూసింది. ఎడమ లీవరు నొక్కి ముందు చక్రం కదలకపోవడం చూసింది, కుడిది నొక్కి వెనక చక్రం చూసింది. అక్క ఎడమచేతి వాటం. అందరూ ఎడమ పక్కకి దిగితే తను కుడి పక్కకి దిగుతుంది. అందుకే ఆమెకి బ్రేకులు తిరగేసి ఉండాలి. దిగేటప్పుడు ఒక చెయ్యి ఫ్రేముని పట్టుకుంటుంది, హ్యాండిలు మీద మిగిలే చేతికి వెనక బ్రేకే రావాలి. ముందుది వస్తే బోర్లా పడతారు. ఇవన్నీ నాకు తెలుసు, నేనే రెండేళ్లుగా బిగిస్తున్నాను.

అక్క మొహం చూడటానికి భయమేసింది. చూస్తే, కళ్లు నీళ్లతో మెరుస్తున్నాయి.

"బుడ్డీ, నాకు స్పేర్ కట్టావా?" అంది.

నేను నోరు తెరిచాను.

"ఆఫీసుకని చెప్పి, మోకాళ్లు పాడుచేసుకుని... పిచ్చిదానా, చెప్తే నేనే డబ్బులిచ్చేదాన్ని కదా!" గట్టిగా వాటేసుకుంది. అక్క తల నా గడ్డం కిందికి వచ్చింది. ఎప్పటి నుంచి ఇలా వస్తోంది? నేను అక్క కంటే పొడుగని ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదు. అందరూ బుడ్డీ అనే పిలుస్తారు.

కాదని చెప్పాలి. చెప్పలేదు. అక్క అంత సంతోషంగా ఉండటం పోయినేడు నాలుగో స్థానం తర్వాత చూడలేదు.

పోనీ, బహుశా అక్క చెప్పిందే నిజమేమో. చేతులు అబద్ధం చెప్పవు కదా.

అక్టోబరు 20, సోమవారం

సీటు ఎత్తు మార్చలేదు. బస్సులో వెళ్లాను.

అక్టోబరు 27, సోమవారం

మళ్లీ బస్సు. కిటికీలోంచి కాలవ కనిపిస్తుంది, దారి కనిపించదు.

అక్క క్లబ్బు వాళ్లందరికీ చెప్పింది. "మా బుడ్డి నాకు రెండో సైకిలు కట్టింది, ఈసారి జట్టులో చోటు ఎవరిదో చూడండి." వాళ్లు నా భుజం తట్టారు.

నవంబరు 2, ఆదివారం

అక్క డ్యూటీకి వెళ్లగానే సైకిలు తీసుకుని ల్యాబ్ వెనక పొలానికి వెళ్లాను. కోత అయిపోయిన మడి. మట్టి మెత్తగా ఉంది. రెండు చెక్కలు అడ్డంగా నిలబెట్టాను, పందెంలో ఉన్నట్టే. వేగంగా వచ్చి, దిగి, సైకిలు ఎత్తి, దూకి, ఎక్కాలి. వందలసార్లు చూశాను. చూడటం వేరు.

బ్రేకుల సంగతి తెలుసు. తెలిసీ ప్రయత్నించాను. నేను అందరిలాగే ఎడమ పక్కకి దిగుతాను. కుడికాలు వెనక నుంచి తిప్పాను, కుడిచెయ్యి ఫ్రేము మీద, ఎడమచెయ్యి లీవరు మీద. కొంచెమే నొక్కాను. ముందు చక్రం భూమికి అతుక్కుపోయింది, మిగిలిన ప్రపంచమంతా దాని మీంచి తిరిగింది.

వెల్లకిలా పడి ఉన్నాను. ఆకాశం సైకిలు రంగులోనే ఉంది. పక్కన వెనక చక్రం ఇంకా తిరుగుతూ టిక్ టిక్ అంటోంది. ఎక్కడా నొప్పి లేదు, లేదా ఇంకా రాలేదు. అలా ఎంతసేపున్నానో. చక్రం ఆగాక కూడా లేవాలనిపించలేదు. ఎవరిదో సైకిలు మీంచి పడ్డాను అనుకున్నాను. అనుకుని, లేచాను.

నవంబరు 3, సోమవారం

పెదవి చిట్లింది. బీరువా తలుపు తగిలిందని అమ్మకి చెప్పాను. "బీరువాకి బుద్ధి లేదా?" అంది అమ్మ.

నవంబరు 5, బుధవారం

ఊరికే, ఎలా ఉంటుందో చూద్దామని సీటు పైకి లాగాను. నల్ల టేపు గొట్టంతో పాటు పైకి వెళ్లి గాల్లో నిలబడింది. ఎంత ఎత్తు లాగాలో చేతులకి తెలియలేదు, మొదటిసారి. ఎక్కి, తొక్కి, దిగి, మళ్లీ లాగి, మళ్లీ ఎక్కి. కాలు కిందికి వెళ్లినప్పుడు నిద్రలేచి ఒళ్లు విరుచుకున్నట్టు సాగింది. అక్కడ ఆపాను. ఎర్ర టేపు చుట్టాను.

కాలవ గోడ మీంచి అవతలి ఒడ్డు కనిపించింది! రోజూ వెళ్లిన దారే. గోడ అవతల మెట్లున్నాయి, మెట్ల మీద ఎవరో గొడుగు ఆరబెట్టారు, పసుపుది. గోడ అంత పొట్టిదని తెలియదు. సైకిలు కింద ఉన్నట్టే లేదు. నీళ్లే నన్ను తీసుకెళ్లాయి, మంచు పక్కకి తప్పుకుంది, ల్యాబ్ వచ్చేసినా ఆగకుండా వంతెన దాకా వెళ్లి తిరిగొచ్చాను.

సాయంత్రం అక్క వచ్చేలోపు నల్ల టేపు దగ్గరికి దించేశాను.

నవంబరు 6, గురువారం

పొద్దున ఎర్ర టేపు. సాయంత్రం నల్ల టేపు.

నవంబరు 7, శుక్రవారం

ఎర్ర. నల్ల.

నవంబరు 9, ఆదివారం

పేరు ఇచ్చాను. ఆఖరి పందేనికి. నమోదు బల్ల దగ్గర కూర్చున్నావిడ "పిట్‌కా?" అంది, నన్ను గుర్తుపట్టి. "పందేనికి" అన్నాను. "మీ అక్కకి తెలుసా?" అంది. ఆమెకేం అవసరం?

అక్కా నేనూ ఒకే పందెం. నేను తొక్కితే పిట్‌లో ఎవరూ ఉండరు. స్పేర్ ఉండదు. ఈ వాక్యాలు రాస్తే తప్ప నాకు అర్థం కాలేదని నటించడం ఆపలేను, అందుకని రాశాను.

నవంబరు 12, బుధవారం

చెప్పలేదు.

నవంబరు 16, ఆదివారం

తీగలు మార్చాను. కుడిచేతికి ముందు, ఎడమచేతికి వెనక, గాలిపంపు మొదట ఇచ్చినట్టే. కొత్త తీగలు వేసి, చివర్లకి టోపీలు నొక్కాను. నల్ల టేపు ఒలిచేశాను. దాని జిగురు పోవడానికి చాలాసేపు రుద్దాను.

సీటు మళ్లీ దించలేదు. ఇక సైకిలే చెప్తుంది, నేను నోరు తెరవక్కర్లేదు అనుకున్నాను. అక్క చూడలేదు. పెరట్లోకి రావడమే లేదు ఈ వారమంతా, ఓవర్‌టైమ్.

నవంబరు 20, గురువారం

చెప్పాను. భోజనాల దగ్గర. అమ్మ వడ్డిస్తూ ఉండగా. అమ్మ ఉంటే అక్క తక్కువ అరుస్తుందనుకున్నాను.

"స్పేర్ ఇస్తానన్నావు" అంది అక్క.

"నేననలేదు. నువ్వన్నావు. నేను కాదనలేదు."

"నెల రోజులు కాదనకుండా ఉంటే దాన్నేమంటారే?"

"భయం అంటారు."

"ఎవరికి భయం? నేను కొడతానా?"

"కొడితే సరిపోయేది. నువ్వు ఏడ్చావు."

అక్క పెరట్లోకి వెళ్లింది. సీటు చూసింది. ఎక్కి కూర్చోబోతే కాళ్లు అందలేదు. లీవర్లు నొక్కి చూసి లోపలికొచ్చింది. గొంతు చాలా నెమ్మదిగా ఉంది. అక్క అరిస్తేనే మంచిది.

"పోయినేడు మూడోదానికీ నాకూ మధ్య ఎంతుందో నువ్వు చూశావు. పక్కనే ఉన్నావు. నువ్వు ఎన్నోదానివి వస్తావ్ ఆదివారం?"

"తెలియదు."

"నాకు తెలుసు. ఆఖరిదానివి. ఆఖరిదానివి రావడం కోసం నన్ను ముంచుతావా?"

అవును అన్నాను. నాకే వినబడనంత చిన్నగా అన్నాను కానీ, అన్నాను.

అమ్మ గరిటె కింద పెట్టింది. "ఆ పిట్‌లో నేను నిలబడతా. కడగడమేగా? పాతికేళ్లుగా ఈ ఇంట్లో చేస్తున్నది అదే."

"రెండో సైకిలు లేకుండా పిట్‌లో ఎవరుంటే ఏంటమ్మా!" అని అక్క లేచి వెళ్లిపోయింది. కంచంలో సగం అలాగే ఉంది. అమ్మ దాని మీద మూత పెట్టి, "నువ్వు తిను" అంది నాతో, కోపంగా.

నవంబరు 22, శనివారం

మడ్‌గార్డులు, క్యారియరు విప్పేశాను. బురదలో పట్టు కోసం టైర్లలో గాలి తగ్గించాను, బొటనవేలితో నొక్కితే రిమ్ము తగలాలా వద్దా అన్నంత. నేను అక్క టైర్లు కూడా నొక్కి చూశాను, తను గదిలో ఉన్నప్పుడు. గాలి కొంచెం ఎక్కువుంది. తీద్దామా అనుకున్నాను. తియ్యలేదు. చెప్పలేదు కూడా. ఇది ద్రోహమో గౌరవమో తెలియడం లేదు.

నవంబరు 23, ఆదివారం

అన్నీ గుర్తున్నాయి, వరస గుర్తులేదు. ఉన్నది రాస్తాను.

ఆఖరి వరసలో నిలబెట్టారు. ముందు అందరి వీపులు, వాటి మీంచి ఆవిరి. అక్క మొదటి వరస. వెనక్కి తిరగలేదు. ఈల వినిపించిందో లేదో, అందరూ కదిలారు. ఆ తర్వాత చప్పుళ్లన్నీ నీళ్ల అడుగు నుంచి వచ్చినట్టే.

బురద చెయ్యి పెట్టి పట్టుకుంటుంది. చక్రాన్ని పట్టుకుంటుంది, బూటుని పట్టుకుంటుంది, వదిలేస్తుంది. చెక్కల దగ్గర కుడికాలు తిప్పాను, ఎడమచెయ్యి నొక్కాను, వెనక చక్రం మెత్తగా జారి ఆగింది. దూకాను. ఎక్కాను. ఎవరో "భలే!" అన్నారు. నాకేనా? చుట్టూ చూశాను, ఇంకెవరూ లేరు.

పిట్ దగ్గర అమ్మ. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, రెండు చేతుల్లో రెండు బ్రష్షులు. అక్క అప్పటికే వెళ్లిపోయింది. "అది మూడోదే!" అని నాకు అరిచింది. "నువ్వు... నువ్వు వెళ్లు!"

గట్టు మీది పొగమంచు లోపల ఏమీ ఉండదు. మన ఊపిరే ఉంటుంది. ఇన్నాళ్లూ బయట నుంచి చూసింది ఇదన్నమాట. నవ్వొచ్చింది. సైకిలు భుజం మీద పక్షిలా తేలిగ్గా ఉందని రాస్తే అబద్ధం. కొరుక్కుతింది. అయినా నాది.

మూడో చుట్టులో, గట్టు కింద, మంచులోంచి ఒక వీపు వచ్చింది. నడుస్తోంది. కాదు, పరుగెత్తుతోంది, సైకిలు మోస్తూ. అక్క. గేరు కొక్కెం విరిగి చైను కిందికి వేలాడుతోంది. ముద్దలు ముద్దలుగా గడ్డి. పిట్‌లో మార్చుకుని ఉంటే విరిగేది కాదు. అది నాకు తెలిసినంతగా ఆ మైదానంలో ఎవరికీ తెలియదు. పిట్ వెనకబడిపోయింది, మళ్లీ పిట్ రావాలంటే దాదాపు చుట్టంతా తిరగాలి. అక్కడ కూడా సైకిలు లేదు, అమ్మ ఉంది.

నేనూ దిగాల్సిన చోటే అది. గట్టు మీదికి పక్కపక్కనే పరుగెత్తాం. అక్క తన సైకిలు ఎడమ భుజాన మోస్తుంది, నేను కుడి భుజాన. మా ఇద్దరి మధ్య ఏమీ లేదు. మోచేతులు తగులుతున్నాయి.

"నాది తీసుకో" అన్నాను.

"పిట్ బయట మారిస్తే పందెంలోంచి తీసేస్తారే. మర్చిపోయావా?"

"సీటు దించుతా—"

"నోర్ముయ్." ఊపిరి అందడం లేదు తనకి. "గాలి ఎక్కువైంది నా టైర్లలో."

"తెలుసు. నిన్న చూశాను."

నా వైపు చూసింది. ముఖం నిండా మట్టి, కళ్లు మాత్రమే ఉన్నాయి. ఇంత దగ్గరగా పందెంలో అక్క ముఖం ఎప్పుడూ చూడలేదు. అందులో ప్రేమ లేదు, క్షమ లేదు. పందెం ఉంది. నన్ను కూడా దాటాల్సిన మనిషిగానే చూసింది.

గట్టు పైకి వచ్చాం. అక్కడ ఎక్కాలి. ఎక్కాను. వెనక అడుగుల చప్పుడు కొంతసేపు వినిపించింది, నేను వింటూ తొక్కాను, తర్వాత వినిపించలేదు.

ఆఖరిదాన్ని కాదు. నా వెనక ఇద్దరున్నారు. అందులో ఒకరు అక్క. సైకిలు మోసుకుంటూ గీత దాకా పరుగెత్తి వచ్చింది. మానెయ్యలేదు. జట్టులో మూడో చోటు పచ్చ చొక్కా అమ్మాయికి పోయింది.

నవంబరు 24, సోమవారం

అక్క సెలవు పెట్టి పడుకుంది.

మోకాళ్లు నొప్పిగా లేవు. ఇది ఎవరికీ చెప్పలేని సంతోషం.

నవంబరు 25, మంగళవారం

సైకిలు కడగలేదు. మడ్‌గార్డులు మాత్రం బిగించాను, రేపు వాన అన్నారు.

గాలిపంపు దగ్గర కొక్కెం లేదట, తెప్పించడానికి పది రోజులు. అక్క ఫోన్లో మాట్లాడుతుంటే విన్నాను. నాతో కాదు.

నవంబరు 26, బుధవారం

పొద్దున పెరట్లో నా సైకిలు లేదు.

"అక్క తీసుకెళ్లింది. అడిగిందనుకున్నానే" అంది అమ్మ.

గేటు దాకా పరుగెత్తాను. సైకిలు పోయినందుకు కాదు. బ్రేకులు! అక్క చేతులకి అవి తిరగేసి ఉన్నాయి. అలవాటు చొప్పున కుడిచెయ్యి నొక్కుతుంది. వాన. కాలవ మలుపు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. మళ్లీ చేశాను. ల్యాబ్‌లో కాగితం చుట్టలు విప్పుతూ మొలకలని ఒక పక్కవి ఇంకో పక్కకి రాసేశాను. మేడమ్ నా కాగితం తీసుకుని, తనే మొదటి నుంచి మొదలుపెట్టారు.

సాయంత్రం నేను గేటు తెరిచేసరికి అక్క మెట్ల మీద కూర్చుని కాళ్లు చాపుకుని తొడలు నొక్కుకుంటోంది. సైకిలు గోడకి ఆనించి ఉంది.

"పడ్డావా?"

"నేనెందుకు పడతానే? బ్రేకులు అటువి ఇటు ఉన్నాయని దారంతా పాటలా పాడుకుంటూ వెళ్లాను. కుడి ముందు, ఎడమ వెనక. కుడి ముందు, ఎడమ వెనక. సిగ్నల్ దగ్గర పక్కవాళ్లు పిచ్చిదాన్ననుకున్నారు."

గేటు మూసి గడియ పెట్టాను.

"ఎప్పుడు ఎదిగావే ఇంత?" అంది. తిట్టినట్టే అంది. "ప్రతి సిగ్నల్ దగ్గరా ఫుట్‌పాత్ వెతుక్కోవాల్సి వచ్చింది కాలు ఆనించడానికి. వాడెవడో ట్రక్కు డ్రైవరు, 'దించమంటావా పాపా' అన్నాడు, నన్ను! వెధవ."

"సీటు దించుకోవాల్సింది. బోల్టు విప్పే అలెన్ కీ సీటు కింద సంచిలోనే ఉందిగా."

"చూశాను."

అంతే అంది. లేచి, కుంటుతూ లోపలికి వెళ్లింది. లోపల అమ్మతో తినడానికి ఏముందని అడగడం వినిపించింది.

సైకిలు దగ్గరికి వెళ్లాను. సీటు బోల్టు తల చూశాను. గుంటలో ఆదివారం బురద ఎండి, గట్టిపడి, అలాగే ఉంది. పుల్లతో గీకితే తప్ప దాంట్లోకి కీ దూరదు.

గీకలేదు. మిగతా సైకిలంతా కడిగాను.